వెంబ్లీకి నాన్నని తీసుకెళ్ళిన ఆదివారం

"ఇది ఫైనలా రా, ఫస్ట్ మ్యాచా?"

టికెట్లు దొరికాయని చెప్పగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది. సూటిగా జవాబు చెప్పలేకపోయాను. పోయిన సీజన్లో ఇంగ్లండ్ లీగ్ గెలిచిన జట్టు, ఎఫ్ఏ కప్ గెలిచిన జట్టు కొత్త సీజన్ మొదలయ్యే ముందు ఒక్క మ్యాచ్ ఆడతాయి. దాన్నే కమ్యూనిటీ షీల్డ్ అంటారు. షీల్డ్ ఇస్తారు కాబట్టి ఫైనలే. ఆగస్టులో, ఆటగాళ్ళ ఒళ్ళు ఇంకా సెలవుల నుంచి తిరిగిరాకముందే జరుగుతుంది కాబట్టి ఫస్ట్ మ్యాచే. మా ఆఫీసులో లివర్‌పూల్ అభిమాని ఒకాయన ఉన్నాడు. గెలిస్తే అది కప్పు, ఓడితే ప్రాక్టీసు మ్యాచ్ అని ఆయన సిద్ధాంతం.

నేనుండేది దక్షిణ లండన్లో, థార్న్‌టన్ హీత్‌లో. క్రిస్టల్ ప్యాలెస్ జట్టు ఆడే సెల్‌హర్స్ట్ పార్క్‌కి మా ఇంటి నుంచి నడిచే వెళ్ళొచ్చు. 1905లో పుట్టిన ఈ క్లబ్బు పెద్ద కప్పు ఒక్కటీ గెలవకుండానే నూట ఇరవై ఏళ్ళు లాక్కొచ్చింది. 2025 మే 17న ఎఫ్ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించిన రాత్రి మా వీధిలో ఎవరూ పడుకోలేదు. జూన్‌లో అమ్మా నాన్నా సికింద్రాబాద్ నుంచి వచ్చేసరికి కిటికీలకి ఎరుపు-నీలం జెండాలు ఇంకా వేలాడుతున్నాయి.

నాన్నకి డెబ్బై దాటాయి. క్రికెట్ పెట్టినా చూస్తాడు గానీ ప్రాణం మాత్రం ఫుట్‌బాలే. వాళ్ళ నాన్న చెప్పిన కథలు అలాంటివి మరి. రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ కొట్టింది. ఆ రహీం సాబే కోచ్‌గా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. మా ఇంట్లో ఈ రెండు సంగతులూ తెలియకుండా ఎవరూ పెద్దవాళ్ళు కాలేదు. అలాంటి మనిషి ఆగస్టు 14న తిరిగి వెళ్ళిపోతున్నాడు, లండన్లోని వెంబ్లీ స్టేడియంలో లీగ్ గెలిచిన లివర్‌పూల్‌తో మా ప్యాలెస్ ఆడే షీల్డ్ మ్యాచేమో 10న. ఎలాగైనా చూపించాలనుకున్నాను.

తొందరపడి ముందు ఒక తప్పు చేశాను. "రెండు టికెట్లున్నాయి, వెళ్ళలేకపోతున్నాం" అని ఫేస్‌బుక్‌లో ఎవరో పెడితే, నలభై పౌండ్లు అడ్వాన్స్ పంపాను. పది నిమిషాల్లో ఆ అకౌంటే మాయం. సోమవారం ఆఫీసులో చెప్పుకుంటే నా మీద జాలిపడాల్సింది పోయి తిట్టారు. సినిమా హాలు ముందు బ్లాక్‌లో కొన్నట్టు కాదట ఇక్కడ. అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ తిరిగి అమ్మడం ఇంగ్లండ్‌లో నేరం, 1994 నాటి చట్టమే ఉంది. మిగతా వాటిని బ్లాక్‌లో అమ్మితే ఇంత పట్టింపు లేదు, ఫుట్‌బాల్‌కే ఉంది. ఎదుటి జట్టు వాళ్ళ మధ్యలో పోయి కూర్చుంటే గొడవలవుతాయనే భయం వల్లనట. నా నలభై పౌండ్లు తిరిగి రాలేదు. అమ్మకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

ఇక దారిలోకి వచ్చాను. పోయిన శీతాకాలం సరదాకి తీసుకున్న క్లబ్బు సభ్యత్వం ఉంది నాకు. నాన్న పేరు మీద కూడా ఒకటి తీసుకున్నాను. సీజన్ టికెట్ల వాళ్ళ వంతు అయ్యాక సభ్యుల వంతు. ఆ రోజు పొద్దున ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే తెర మీద మనిషి బొమ్మ ఒకటి నత్తలా నడుస్తోంది. పేజీ రిఫ్రెష్ చేస్తే వరస పోతుందేమోనని చెయ్యి కూడా కదపలేదు. అమ్మ ఉప్మా ప్లేటు పట్టుకుని పక్కన నిలబడి, "తత్కాల్‌కి కూడా ఇంతసేపు పట్టదు కదరా" అంది. యాభై నిమిషాల తర్వాత పైఅంతస్తులో పక్కపక్కనే రెండు సీట్లు కనిపించాయి. నాన్న మోకాళ్ళ సంగతి గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో అవి పోయాయి. మళ్ళీ వెతికితే ఇంకో రెండు దొరికాయి, అవీ పైనే. ఈసారి ఆగలేదు.

టికెట్ కాగితం మీద రాదు, ఫోన్లోకి వస్తుంది. నాన్న ఫోన్ నాలుగేళ్ళ పాతది, మధ్యాహ్నానికే చార్జింగ్ చచ్చిపోతుంది. అందుకని పవర్ బ్యాంకు. దానికో సంచి. ఆ సంచిలో అమ్మ కట్టిచ్చిన సకినాలు, నీళ్ళు, స్వెటరు, బీపీ మాత్రలు. వెంబ్లీలో ఏ4 కాగితం కన్నా పెద్ద సంచిని లోపలికి రానివ్వరని విక్టోరియా స్టేషన్లో దిగాక గుర్తొచ్చింది. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని స్వెటరు నాన్నకి తొడిగాను, మాత్రలు నా జేబులోకి, సకినాలు చిన్న ప్లాస్టిక్ కవరులోకి. ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి నాన్నే బెల్టులో దోపుకున్నాడు. ఆగస్టు ఎండలో స్వెటరేసుకుని ఫుట్‌బాల్‌కి బయల్దేరిన మనిషి ఆ రైల్లో ఆయనొక్కడే.

గ్రీన్ పార్క్‌లో జూబ్లీ లైన్‌కి మారాక పెట్టెంతా రెండు జట్ల వాళ్ళే. షీల్డ్ చరిత్ర నాన్నకి చెప్పుకొచ్చాను. 1908లో చారిటీ షీల్డ్‌గా మొదలైందని, 2002లో పేరు మారిందని, వచ్చిన డబ్బు ఇప్పటికీ సేవా సంస్థలకే పోతుందని. అవన్నీ ఊఁ కొడుతూ విన్నాడు. ఆయన్ని ఆపింది ఒక్క సంగతి. ఒకప్పుడు డ్రా అయితే షీల్డ్‌ని రెండు జట్లూ చెరో ఆర్నెల్లు ఉంచుకునేవాళ్ళు. ఇప్పుడైతే ఎక్స్‌ట్రా టైం కూడా లేకుండా నేరుగా పెనాల్టీలే.

"ఆర్నెల్లు ఆర్నెల్లే మంచిగుండె. గిప్పుడెందుకు మార్చిండ్రు?"

ఎదురు సీట్లో ఉన్న ప్యాలెస్ పెద్దాయన ఏమన్నాడని నన్నడిగాడు. చెప్పాను. నవ్వి నాన్నకి చెయ్యి కలిపాడు. నాన్న సకినాల కవరు ముందుకు చాపాడు. ఆయన ఒకటి కొరికి, పళ్ళు చూసుకున్నాడు.

వెంబ్లీ పార్క్ స్టేషన్ బయటికి రాగానే మెట్ల పైనుంచి కనిపిస్తుంది ఆ తెల్లటి ఆర్చి, 133 మీటర్ల ఎత్తు. నాన్న అక్కడే ఆగిపోయాడు. మోకాళ్ళ కోసమో, ఆర్చి కోసమో అడగలేదు.

మ్యాచ్‌కి ముందు ఒక మౌనం ఉంది. లివర్‌పూల్ ఆటగాడు డియోగో జోటా, ఆయన తమ్ముడు ఆండ్రే సిల్వా జూలై 3న స్పెయిన్‌లో కారు ప్రమాదంలో చనిపోయారు. నిశ్శబ్దం మొదలైన కాసేపటికే ఎక్కడో కొందరు అరవడం, చుట్టూ వాళ్ళు "ష్" అంటూ వారించడం, చివరికి రెఫరీ ముందే ఈల వేసి ముగించేయడం. నాన్నకి వాళ్ళెవరో తెలియదు. అయినా అందరూ కూర్చున్నాక కూడా చేతులు కట్టుకుని కొంచెంసేపు నిలబడే ఉన్నాడు. వెనకవాళ్ళు ఏమీ అనలేదు.

ఆట గురించి అంతా రాయను. నాలుగో నిమిషంలోనే ఎకిటికె లివర్‌పూల్‌కి గోల్ కొట్టాడు. పదిహేడో నిమిషంలో పెనాల్టీతో మటేటా సమం చేశాడు. ఇరవై ఒకటిలో ఫ్రింపాంగ్ మళ్ళీ లివర్‌పూల్‌ని ముందుంచాడు. ఆ తర్వాత గంటకి దగ్గరగా ఏమీ లేదు. నాన్న మాత్రం పైనుంచి ఆట మొత్తం కనిపిస్తోందని తెగ సంబరపడిపోయాడు. "టీవీల బంతే చూపెడతరు. మిగిలినోళ్ళు ఏం జేస్తున్నరో ఈడ తెలుస్తది" అన్నాడు. డెబ్బై ఏడో నిమిషంలో ప్యాలెస్ ఆటగాడు ఇస్మాయిలా సార్ గోల్ కొట్టి 2-2 చేసినప్పుడు అందరితో పాటు ఎగిరి లేచాడు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషేనా అనుకున్నాను.

ఈల పడింది. పెనాల్టీలు.

"నేను జూడ" అని తల దించుకున్నాడు. తర్వాతదంతా నా వ్యాఖ్యానమే. సలా పైకి కొట్టాడు, బయటికి పోయింది నాన్నా. మటేటా కొట్టాడు. మాక్ అలిస్టర్‌ది మన గోల్‌కీపర్ హెండర్సన్ ఆపాడు. మన ఎజెది వాళ్ళ గోల్‌కీపర్ అలిసన్ ఆపాడు. ఎలియట్‌ది కూడా మళ్ళీ హెండర్సనే ఆపేశాడు. మన సోసాది బారుకి తగిలింది. ఆఖరికి జస్టిన్ డెవెన్నీ అనే కుర్రాడు బంతి దగ్గరికొచ్చాడు, ఇది కొడితే అయిపోతుంది. అంతవరకూ మాట్లాడుతూనే ఉన్నాను, అప్పుడు మాత్రం గొంతు రాలేదు. నేను మాట్లాడకపోయేసరికి నాన్న తల ఎత్తాడు. ఆ ఒక్క పెనాల్టీ కళ్ళారా చూశాడు. 3-2.

పక్క సీట్లోని ఆవిడ ఏడుస్తూ నాన్నని కావలించుకుంది. ఆయన రెండు చేతులూ గాల్లో పెట్టి, ఏం చెయ్యాలో తెలియక, నా వంక చూశాడు. ప్రాక్టీసు మ్యాచ్ అన్న మాట సోమవారం ఆఫీసులో ఎవరైనా అంటే ఈ ఆవిడ గురించి చెబుదామనుకున్నాను. సోమవారం వచ్చేసరికి వేరే గొడవ. రెండు క్లబ్బుల యాజమాన్యం కలుస్తోందన్న నిబంధనతో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ప్యాలెస్‌ని యూరోపా లీగ్ నుంచి కాన్ఫరెన్స్ లీగ్‌కి దించింది కదా, దాని మీద వేసిన అప్పీల్‌ని ఆ రోజే కొట్టేశారు. ఎవరికీ షీల్డ్ మాట గుర్తు లేదు.

తిరుగు ప్రయాణంలో స్టేషన్ బయట గంటసేపు ఆపి ఆపి వదిలారు. నాన్న గుర్రాల మీది పోలీసుల్ని చూస్తూ నిలబడ్డాడు. సకినాలు అప్పటికే అయిపోయాయి.

14న వాళ్ళు వెళ్ళిపోయారు. 17న లీగ్‌లో ప్యాలెస్ మొదటి మ్యాచ్, చెల్సీతో. రాత్రి సికింద్రాబాద్ నుంచి ఫోన్.

"మనోళ్ళు ఏం జేసిండ్రు?"

"డ్రా నాన్నా. సున్నా సున్నా."

"మరి పెనాల్టీలు?"

"లీగ్‌లో ఉండవు. చెరో పాయింటు."

"గది మంచిగుంది" అని ఫోన్ అమ్మకిచ్చాడు.