ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది

"మెదడు కణాలు ఒకసారి పోతే పోయినట్టేనమ్మా, మళ్ళీ పుట్టవు." నాకు డిప్రెషన్ అని తేల్చిన మొదటి డాక్టరు గారు చీటీ రాస్తూ, తలెత్తకుండా అన్న మాట ఇది. నేనడిగింది ఒక్కటే. లెక్కల టీచర్ని, పదమూడో ఎక్కం బోర్డు మీద రాస్తూ మధ్యలో ఆగిపోతున్నాను, పిల్లల పేర్లు గుర్తు రావడం లేదు, మళ్ళీ మామూలు మనిషినవుతానా అని.

రక్త పరీక్షలు, థైరాయిడ్, స్కానింగ్ అన్నీ నార్మల్. ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందు 20 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. గుణం కనిపించడానికి వారాలు పడుతుందనీ, మొదట్లో కొందరికి కంగారు పెరుగుతుందనీ ఎవరూ చెప్పలేదు.

రెండో వారంలో ఆ రాత్రి వచ్చింది. గుండె దడ, కాళ్ళు ఒకచోట నిలవవు. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉన్నాను. చెవుల్లో ఆ మాటే. పుట్టని కణాలకు మందెందుకు, నేనెందుకు అనిపించింది. అలికిడికి అమ్మ లేచింది. ఏమీ అడగలేదు. నన్ను కూర్చోబెట్టి, పాదాలు ఒళ్ళో పెట్టుకుని, కొబ్బరినూనె రాస్తూ లలితా సహస్రనామం అందుకుంది. మా ఆయన మందుల డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. తెల్లారేదాకా ముగ్గురం మెలకువగానే ఉన్నాం.

పొద్దున్నే ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ అంతా విన్నాక "ఎవరన్నారమ్మా పుట్టవని?" అన్నారు. 1998లో ఎరిక్సన్, గేజ్ అనే శాస్త్రవేత్తల బృందం చనిపోయిన క్యాన్సర్ రోగుల మెదళ్ళు పరిశీలించి, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో కొత్త న్యూరాన్లు, అంటే కొత్త మెదడు కణాలు చూసిందట. 2003లో కొలంబియా యూనివర్సిటీలో రెనే హెన్ బృందం చిట్టెలుకల మెదడులో రేడియేషన్‌తో కొత్త కణాలు పుట్టకుండా చేస్తే, ఆ చిట్టెలుకల మీద నేను వేసుకుంటున్న ఈ మందే పనిచేయలేదట. కొత్త కణం ఎదిగి పనిలోకి రావడానికీ వారాలు కావాలి, అందుకే ఓపిక పట్టమన్నారు. ఉన్నది ఉన్నట్టు ఇంకోటి కూడా చెప్పారు: "మనుషుల విషయంలో వాదన తెగలేదు. 2018లో ఒక బృందం పెద్దవాళ్ళ మెదడులో కొత్త కణాలు కనబడలేదంది, ఇంకో బృందం 79 ఏళ్ళ వయసులోనూ ఉన్నాయంది. మీకు తగ్గితే అందువల్లేనని నేను ఒట్టేసి చెప్పలేను. తగ్గుతుందన్న నమ్మకం మాత్రం నాకుంది." ఆ కంగారుకు కొన్నాళ్ళు వేరే మాత్ర ఇచ్చి, ఏ వేళప్పుడైనా ఫోన్ చేయమన్నారు. ఆవిడకు చేతులెత్తి మొక్కాను.

ఒక మధ్యాహ్నం వెనక బెంచీలో మాట్లాడుతున్న అమ్మాయిని ఠక్కున పేరు పెట్టి పిలిచాను. ఆ పిల్లకు తిట్లు తప్పాయి గానీ, నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. లలితమ్మ దయ అంటుంది అమ్మ. నేనూ కాదనను.

మొదటి డాక్టరు గారి మీద కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు. రెండు నిమిషాలు వెచ్చించి చెప్పి ఉంటే ఆ రాత్రి మాకు ఉండేది కాదు.

మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. మొదటి వారాల్లో కంగారు పెరిగితే వెంటనే డాక్టరుకు చెప్పండి, ఇంట్లోవాళ్ళను పక్కన ఉండమనండి. రాత్రిపూట ఎవరూ దొరక్కపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం వారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.