పొనికి కర్రలో కౌబాయ్ వీరులు: పని ఎంతవరకు వచ్చింది

పాత కౌబాయ్ సినిమాల, టీవీ ధారావాహికల కథానాయకులను కొండపల్లి పద్ధతిలో తెల్ల పొనికి కర్రతో చెక్కాలని మొదలుపెట్టిన పని ఇప్పటికి సగం దాటింది. మాట్ డిలన్, లూకస్ మెకెయిన్, పాలడిన్ పూర్తయి అద్దాల బీరువాలోకి చేరారు. జాన్ వేన్ ధరించిన రింగో కిడ్ పాత్ర, స్టీవ్ మెక్వీన్ ధరించిన జాష్ రాండల్ పాత్ర సుద్ద పూత వరకు వచ్చాయి. ముసుగు వీరుడు లోన్ రేంజర్, అతని సహచరుడు టోంటో జంటకు చేతులు అతికించవలసి ఉంది. క్లింట్ ఈస్ట్‌వుడ్ ఇప్పుడిప్పుడే దుంగలోంచి బయటపడుతున్నాడు. ఇదే దారిలో పని చేయదలచుకున్నవారికి పనికివస్తాయని కొలతలు, పాళ్లు కూడా ఇక్కడ రాస్తున్నాను.

ఈ వీరులను దూరం నుంచి, వెనక్కి తిరిగి నిలబడినా కూడా గుర్తుపట్టగలం. 1950ల అమెరికాలో టీవీ తెర చిన్నది, బొమ్మ నలుపు తెలుపు, పైగా వారం వారం వచ్చే కౌబాయ్ ధారావాహికలు పదుల సంఖ్యలో ఉండేవి కనుక, ఒక్కొక్క కథానాయకుడికి ఒక టోపీ, ఒక ఆయుధం, ఒక నిలబడే తీరు ప్రత్యేకంగా ఏర్పడ్డాయని నా అభిప్రాయం. అందుకే చెక్కడంలో నా శ్రమ అంతా ఆ మూడింటి మీదే పెడుతున్నాను. కంటిరెప్పలు, పెదవులు ఆఖరున కుంచెతో వస్తాయి. హాల్లో ‘మెకన్నాస్ గోల్డ్’ చూసి, అద్దె పుస్తకాల దుకాణంలో లోన్ రేంజర్ కామిక్స్ చదివి, చాలా ఏళ్ల తరువాత డిస్కుల్లో అసలు ధారావాహికలను చూసిన నాకు, మొదట మనసులో నిలిచినవి కూడా ఆ ఆకారాలే.

కొలత పదింట ఒకటిగా పెట్టుకున్నాను. దీనివల్ల లెక్క సులువు కావడమే కాక, నటుల ఎత్తుల్లోని తేడా ఉన్నది ఉన్నట్టు కనబడుతుంది. ‘గన్‌స్మోక్’లో మార్షల్ మాట్ డిలన్‌గా వేసిన జేమ్స్ ఆర్నెస్ ఆరడుగుల ఏడంగుళాల మనిషి, అంటే బొమ్మ 20 సెంటీమీటర్లు. ‘షేన్’ సినిమా కథానాయకుడు అలన్ లాడ్ దాదాపు ఐదడుగుల ఆరంగుళాలే కనుక, అతణ్ణి చెక్కే రోజు వస్తే 16.8 సెంటీమీటర్లకు మించకూడదు. అందరినీ ఒకే ఎత్తుకు తెస్తే బీరువా పొందికగా కనిపిస్తుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు గాని, ఆర్నెస్ పక్కన తక్కినవారు చిన్నగా కనబడడంలోనే ఆ ధారావాహిక స్వభావం ఉంది. 1955 నుంచి 1975 వరకు ఇరవై సీజన్లు, 635 భాగాలు డాడ్జ్ సిటీ వీధిలో ఆ మనిషి నిలబడ్డాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలోని ఆంజియో వద్ద ఆర్నెస్ కాలికి గాయమైంది, ఆ ఇబ్బంది జీవితాంతం మిగిలింది. అందుకని బొమ్మ బరువును ఎడమ కాలి మీదికి తెచ్చి, కుడి మోకాలిని కొద్దిగా సడలించాను. నడుము దగ్గర రెండు మిల్లీమీటర్ల వంపు ఇస్తే చాలు, నిలబడడంలో జీవం వచ్చింది.

కర్ర సంగతి క్లుప్తంగా చెబుతాను. పొనికి తేలికైనది, మెత్తనిది, ఉలికి ఎదురుతిరగదు. కాని తడి పూర్తిగా పోకపోతే రంగు వేసిన తరువాత పగులు వస్తుంది. కొండపల్లి కళాకారులు సన్నని సెగ మీద కర్రను ఆరబెడతారు. నేను నీడలో ఆరనిచ్చి, ఆపైన ముక్కలను పొయ్యికి దూరంగా వేడి తగిలేలా ఉంచుతున్నాను. ముక్కను తూచి, రెండు రోజుల తరువాత మళ్లీ తూచినప్పుడు బరువు తగ్గకపోతేనే ఉలి పెడతాను. మొండెం, తల ఒకే ముక్కలో, చేతులు, టోపీ, ఆయుధం విడివిడిగా చెక్కి మక్కుతో అతికిస్తాను. వేయించి పొట్టు తీసిన చింతగింజల పొడిని ఎనిమిది రెట్ల నీటిలో వేసి, గరిటెకు అంటుకునేదాకా ఉడికించి, చల్లారాక జల్లించిన రంపపు పొట్టు కలుపుతూ చపాతి పిండిలా చేసుకుంటే మక్కు సిద్ధమవుతుంది. చొక్కా మడతలు, మెడ రుమాలు ముడి, బూటు మడమ దీనితోనే తీర్చిదిద్దవచ్చు. ఆరాక 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది, పలుచగా రెండు సార్లు సుద్ద పూత వేస్తున్నాను.

ఎక్కువ సమయం తీసుకున్నవి తుపాకులు. మూడు బొమ్మల చేతుల్లో ఉన్నది ఒకే జాతి ఆయుధం, వించెస్టర్ 1892 నమూనా. అయినా ఒకటి ఉన్నచోట మరొకటి పెడితే ఆ మనిషి మారిపోతాడు. 1939 నాటి ‘స్టేజ్‌కోచ్’లో జాన్ వేన్ తెర మీదికి వచ్చే క్షణంలో ఒక్క చేత్తో ఆ తుపాకీని గిర్రున తిప్పుతాడు. అలా తిప్పగలగడానికి దాని లీవర్ (తూటా ఎక్కించడానికి చేత్తో కిందికీ పైకీ ఆడించే పిడి) వలయాన్ని పెద్దదిగా చేయించారు. 1958 నుంచి 1963 వరకు నడిచిన ‘ద రైఫిల్‌మన్’లో లూకస్ మెకెయిన్‌గా చక్ కానర్స్ పట్టిన తుపాకీకి కూడా పెద్ద వలయమే ఉంటుంది గాని, దానిలో అదనంగా ఒక మరమేకు ఉంది. లీవర్ మూసుకున్నప్పుడల్లా ఆ మర ట్రిగ్గర్‌ను నొక్కుతుంది కనుక, లీవర్‌ను ఆడిస్తున్నంతసేపూ తూటాలు వరుసగా పేలుతూనే ఉంటాయి. కథ జరిగేది 1880లలో, తుపాకీ నమూనా 1892 నాటిది. ఈ తేడా తెలిసిన తరువాత కూడా ఆ ధారావాహిక మీద నా ఇష్టం రవ్వంత తగ్గలేదు.

ఇరవై అంగుళాల గొట్టం మన కొలతలో 51 మిల్లీమీటర్లు. ఇంత సన్నటి గొట్టానికి పొనికి నిలవదు కనుక వెదురు ఈనె వాడుతున్నాను. తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనించే భాగం, మాత్రం పొనికిదే. లీవర్ వలయానికి ఒక మిల్లీమీటరు ఇత్తడి తీగను గ్యాస్ మంట మీద ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చితే మెత్తబడుతుంది, అప్పుడు సన్నటి ఇనుప కడ్డీ చుట్టూ వంచితే వలయం నలగకుండా వస్తుంది. మెకెయిన్ తుపాకీలోని మరను చూపడానికి ఆ వలయం లోపల ఆవగింజలో సగమంత మక్కు చుక్క పెట్టి, దానికి ఇత్తడి రంగు వేశాను. బీరువా అద్దం బయటి నుంచి అది కనబడదు, చేతిలోకి తీసుకున్నవారికి కనబడుతుంది.

మెక్వీన్ ‘వాంటెడ్: డెడ్ ఆర్ అలైవ్’లో తొడకు కట్టుకున్న ఆయుధం అదే వించెస్టర్‌కు మడమను, గొట్టాన్ని బాగా కత్తిరించి చేసినది. ‘మేర్స్ లెగ్’ అనే పేరుతో అది ప్రసిద్ధి పొందింది. ఆ తుపాకీలో పట్టేవి .44-40 తూటాలు. అతని బెల్టుకు గుచ్చినవి మాత్రం అంతకన్నా చాలా పొడవైన .45-70 తూటాలు, తెర మీద ఘనంగా కనబడతాయని పెట్టినవి. సరైన తూటా పెట్టాలా, తెర మీద చూసిన తూటా పెట్టాలా అన్న ప్రశ్నకు నేను రెండోదాన్నే ఎంచుకున్నాను, ఎందుకంటే నేను చెక్కుతున్నది అందరూ చూసిన జాష్ రాండల్‌ను. పొడవైన తూటా మన కొలతలో ఆరున్నర మిల్లీమీటర్లు, పొట్టిది నాలుగు. 1.2 మిల్లీమీటర్ల ఇత్తడి తీగను ఆరున్నర మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, ఒక కొసను ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, గొర్రెతోలు పట్టీకి సూదితో రంధ్రాలు పెట్టి ఒక్కొక్కటిగా గుచ్చుతున్నాను. తోలు 0.6 మిల్లీమీటర్ల మందం దాటితే నడుము చుట్టూ సరిగా వంగదు. తోలును లోపలి వైపు తడిపి, బొమ్మకే చుట్టి ఆరనిస్తే ఆ వంపు నిలిచిపోతుంది.

పాలడిన్ విషయంలో పని నల్లరంగు చుట్టూ తిరిగింది. ‘హావ్ గన్, విల్ ట్రావెల్’లో రిచర్డ్ బూన్ నల్ల దుస్తుల్లో, తుపాకీ ఒర మీద వెండి చదరంగపు గుర్రంతో కనబడతాడు. నలుపు మీద నలుపు వేస్తే ఆకారం ముద్దగా మారుతుంది కనుక, చొక్కాకు మెరుపు లేని నలుపు, ఒరకు వార్నిష్ వేసిన నలుపు, టోపీకి కాస్త బూడిద కలిపిన నలుపు వాడాను. చదరంగపు గుర్రాన్ని పల్చటి అల్యూమినియం రేకు నుంచి సూదిమొనతో కోసి అతికించాను. అది మూడు మిల్లీమీటర్ల ముక్కే అయినా, ఆ బొమ్మకు ప్రాణం అక్కడే ఉంది.

రంగుల గురించి చాలా ఆలోచించాను. ‘ద రైఫిల్‌మన్’ ఆద్యంతం నలుపు తెలుపులోనే తీశారు. ‘గన్‌స్మోక్’ 1966లో రంగుల్లోకి మారింది. ‘ద లోన్ రేంజర్’ చివరి సీజన్‌కు రంగు వచ్చింది. మెకెయిన్ చొక్కా అసలు రంగును ఊహించి వేయడం నాకు నచ్చలేదు, కనుక అతణ్ణి, మొదటి రోజుల మాట్ డిలన్‌ను పూర్తిగా బూడిద ఛాయల్లోనే వేశాను. తెలుపులో నలుపు మాత్రమే కలిపితే నీలం ఛాయ వచ్చి బొమ్మ చల్లగా కనబడుతుంది. అరచెంచా బూడిద రంగుకు కుంచె మొనతో ఒక చుక్క పసుపుమన్ను రంగు కలిపితే పాత ఫిల్ము ఛాయ వస్తుంది. ఐదు ఛాయలు ముందే సీసాల్లో కలిపి పెట్టుకోవాలి, మధ్యలో కలిపితే అదే ఛాయ మళ్లీ రాదు.

లోన్ రేంజర్ పక్కన టోంటోను ఎలా నిలబెట్టాలన్నదే ఈ పని మొత్తంలో నేను అన్నిటికన్నా జాగ్రత్తగా తేల్చుకున్న విషయం. పాత ప్రచార చిత్రాల్లో టోంటో తరచు ఒక అడుగు వెనక కనబడతాడు. ఆ పాత్ర ధరించిన జే సిల్వర్‌హీల్స్ కెనడాలోని సిక్స్ నేషన్స్ ఆదివాసీ ప్రాంతానికి చెందిన మోహాక్ తెగవాడు, లక్రాస్ అనే, వల కట్టిన కర్రలతో ఆడే బంతాటలో చక్కటి ఆటగాడు. రచయితలు అతని నోట పెట్టిన విరుపు ఇంగ్లీషును ఆయన సంవత్సరాల తరబడి గౌరవంగా మోశాడు. తరువాత లాస్ ఏంజిలిస్‌లో అమెరికా ఆదివాసీ నటులకు శిక్షణ ఇచ్చే కార్యశాల నెలకొల్పడంలో ముందు నిలిచాడు. 1979లో హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌పై ఆయన పేరిట నక్షత్రం వెలిసింది. కాబట్టి నా పీఠం మీద ఇద్దరి పాదాలూ ఒకే గీత మీద ఉన్నాయి, ఇద్దరి చూపూ ఒకే వైపు ఉంది. లోన్ రేంజర్‌గా వేసిన క్లేటన్ మూర్ ముసుగును విడిగా తోలుతో చేయకుండా చెక్కడంలోనే అర మిల్లీమీటరు ఎత్తుగా వదిలాను. రంగు వేసేటప్పుడు దాని అంచు తిన్నగా రావడానికి అదే వీలు.

ఈస్ట్‌వుడ్‌కు పోంచోయే (తల దూర్చి భుజాల మీదుగా వేసుకునే దుప్పటి) ఆకారం కాబట్టి లోపలి మొండేన్ని నున్నగా చేయడం అనవసరం. పోంచోను కర్రలో చెక్కితే బరువుగా కనబడింది, అందుకని పలుచటి మల్లు గుడ్డను సమపాళ్లలో నీరు కలిపిన తెల్ల జిగురులో ముంచి భుజాల మీద కప్పి, మడతలను టూత్‌పిక్‌తో సర్దుతున్నాను. కుడి భుజం మీదికి ఎత్తివేసిన మడత నిలబడాలంటే ఆరేదాకా కింద దూది ఉండ పెట్టాలి. నేత నమూనాను గుడ్డ పూర్తిగా గట్టిపడ్డాకే సన్న కుంచెతో వేస్తాను.

తరువాతి దుంగ కృష్ణగారి కోసం పక్కన పెట్టాను. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ లేకుండా తెలుగువాడి బీరువాలో ఈ వరుస పూర్తి కాదు. ఆ తరువాత లోన్ రేంజర్, టోంటోల గుర్రాలు సిల్వర్, స్కౌట్. పదింట ఒకటి కొలతలో గుర్రం వీపు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటుతుంది కనుక, కాళ్ల నాలుగు ముక్కల్లోనూ కర్ర పోగు నిలువుగా వచ్చేలా ఇప్పటి నుంచే దుంగలు ఏరి పెడుతున్నాను. వానలు తగ్గి గాలిలో తేమ పోయేవరకు వాటికి ఉలి పెట్టను.