53వ రోజు: లేసు కట్టుకుంటుంటే గుండె 214

జనవరి 8. పొద్దున 5:38. బాల్కనీ థర్మామీటర్ 7.8 చూపిస్తోంది. మెట్ల మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నా. వాచ్ అలారం మోగింది. చూస్తే గుండె నిమిషానికి 214. నాకు 41 ఏళ్లు. ఆ అంకె నిజమైతే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను మిగిలి ఉండకూడదు.

ఆ అంకెని వాచ్‌కి పంపే ఛాతీ బెల్టు పీకి లోపల పడేసి మళ్లీ రగ్గులో దూరిపోదామనిపించింది. గేటు బయట పక్కింటి వదిన టార్చి ఊపుతోంది కాబట్టి వెళ్లాను. 6.2 కిలోమీటర్లు, 47 నిమిషాలు. ఈ చలికాలంలో ఇదే పెద్ద పరుగు. దాని సంగతి అంతే. నాకు మింగుడుపడనిది ఈ 214, అంతకుముందు నెల రోజులు ఏడిపించిన 169.

ఆదిలాబాద్ చలి ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. కార్తీకం దాటేసరికి పారాషూట్ సీసాలో నూనె గడ్డకట్టి, పొయ్యి పక్కన పెడితే గానీ రాదు. డిసెంబర్లో తెల్లవారుజామున పది డిగ్రీల లోపే. మార్కెట్ యార్డు బయట పత్తి బండ్ల పక్కన రైతులు చలిమంట వేసుకుని ఉంటారు, మనం వాళ్ల ముందు నుంచి టీషర్టుతో ఉరుకుతుంటే వింతగా చూస్తారు. పోయినేడు దీపావళికి ఆగిన నా పరుగు, శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక గానీ మొదలవలేదు. ఆ మధ్యలో నాలుగు కిలోలు వచ్చి చేరాయి. అందుకే ఈసారి నవంబర్ 17న పట్టుబట్టి మొదలుపెట్టా. 53 రోజుల్లో 39 రోజులు బయటికి వెళ్లాను. వెంకట్రామా క్యాలెండర్లో టిక్కులు ఉన్నాయి. బరువు 2.3 కిలోలు తగ్గింది.

పరుగులో గుండె వేగం దాటకూడని హద్దుకి నాది మఫెటోన్ లెక్క, 180లోంచి వయసు తీసేయడమే. నాకు 139 వస్తుంది. కాస్త వెసులుబాటుగా 142 దగ్గర అలారం పెట్టుకున్నా. నవంబర్ అంతా బాగానే నడిచింది.

డిసెంబర్ 3న తేడా వచ్చింది. ఆ రోజు 10.6 డిగ్రీలు. స్టేడియంలో రెండో చుట్టు కూడా పూర్తి కాలేదు, చేతి మీద వాచ్ గొడవ మొదలుపెట్టింది. 169. కాసేపటికి 171. మళ్లీ 168. ఆయాసమేమీ లేదు, వదినతో చిక్కుడుకాయ రేటు గురించి మాట్లాడుతూనే ఉన్నా. కానీ అంకె కళ్లముందు ఉంటే ఒంటి మాట ఎవరు వింటారు? వేగం తగ్గించా. 166. ఇక పరుగు ఆపి నడిచా. టక్కున 112కి పడిపోయింది. ఇదే నన్ను ముంచింది. నడిస్తే తగ్గుతోంది కదా, అంటే వాచ్ సరిగ్గానే చెబుతోంది, నాకే ఏదో అయింది అనుకున్నా.

డిసెంబర్ 20 లోపల తొమ్మిది సార్లు సగంలో ఇంటికి వచ్చేశా. పరుగెత్తితే అలారం, నడిస్తే చలి. నడుస్తుంటే చెమట చల్లబడి వీపు మీద తడిగుడ్డ పరిచినట్టు ఉంటుంది. ఆరు కాకముందే మళ్లీ రగ్గు కింద. అత్తమ్మ అయితే రోజూ ఒకటే మాట, "గింత చలిల ఏం ఉరుకుడు బిడ్డా, ఎండ పడ్డంక పోరాదు?" ఎండ పడేది 6:50కి. 8:15కి నేను బడిలో ఉండాలి. అది కుదిరే పని కాదని ఆమెకూ తెలుసు.

భయపడి డాక్టరు దగ్గరికి కూడా వెళ్లా. హిమోగ్లోబిన్ 11.8, కొంచెం తక్కువ. థైరాయిడ్ మామూలే. ఈసీజీ కూడా మామూలే, అందులో గుండె 76. మొత్తం 1,400 రూపాయలు. "తక్కువ ఉరకండి" అన్నాడాయన.

అసలు విషయం పట్టుకున్నది మా వాడు, తొమ్మిదో తరగతి. డిసెంబర్ 21న నా ఫోనులో గ్రాఫు చూస్తూ, "అమ్మా, ఇందులో రెండు గీతలు ఒకటే ఉన్నాయి చూడు" అన్నాడు. ఒకటి గుండె, ఇంకోటి నిమిషానికి వేసే అడుగులు. మొదటి పదకొండు నిమిషాలు రెండూ ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉన్నాయి. నా అడుగులు 168, 170. గుండె 169. నడిచినప్పుడు అడుగులు 112. గుండె కూడా 112! పన్నెండో నిమిషంలో గుండె గీత ఒక్కసారిగా కిందకి దూకి 134 దగ్గర సర్దుకుంది. అక్కడి నుంచి నిజం.

మణికట్టు వాచ్ ఆకుపచ్చ లైటు వేసి చర్మం కింద రక్తం పొంగడం, తగ్గడం చూసి లెక్క కడుతుంది. చలికి చేతుల్లో సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఆ పొంగు బలహీనమవుతుంది. అప్పుడు చెయ్యి ఊగే లయే దానికి గట్టిగా వినిపిస్తుంది, దాన్నే గుండె అనుకుంటుంది. వాచ్ పేరు చెప్పను. చలిలో మణికట్టు వాచీలన్నిటికీ కొంచెమో గొప్పో ఉన్న జబ్బే ఇది.

మర్నాడు పట్టుబట్టి పరీక్ష చేశా. నాలుగో నిమిషంలో ఆగి, మెడ మీద వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టా. 33 వచ్చింది, నాలుగుతో హెచ్చిస్తే 132. ఆగే ముందు వాచ్ చెప్పింది 170. తొమ్మిది పొద్దులు ఈ 38 తేడాకి వృథా అయ్యాయన్నమాట. కోపం కంటే సిగ్గు ఎక్కువేసింది. చిన్నప్పుడు బడిలో నేర్పిన నాడి లెక్క, ఇప్పుడు పిల్లలకు నేను చెప్పే లెక్క, నాకే తట్టలేదు.

ఆ తర్వాత పది రోజులు ఒక్కొక్కటే మార్చి చూశా. వాచ్ దారికి రావడానికి పట్టిన నిమిషాలు నోట్‌బుక్కులో రాసుకున్నా. ఏమీ మార్చకపోతే 11. పట్టీ ఒక కన్నం బిగిస్తే 8. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో కూడా చేతి మీద అచ్చు పోలేదు. మణికట్టు ఎముక నుంచి రెండు వేళ్లు పైకి జరిపితే 7. అప్‌డేట్ చేసి, ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ 11.

గాజుల మీద నాకు పెద్ద అనుమానం ఉండేది, వాచ్‌కి తగిలి కదుపుతున్నాయేమోనని. ఎడమ చేతివి తీసి వెళ్లా. తేడా సున్నా, తిరిగొచ్చాక అత్తమ్మ చూపు మాత్రం అదనం. ఆ చేతికి చెల్లెలి కూతురి పెళ్లికి పెట్టుకున్న మెహిందీ మణికట్టు దాటి ఉంది. పచ్చబొట్టు ఉంటే ఈ లైటు సరిగా పనిచేయదని ఎక్కడో చదివిన గుర్తు, మెహిందీ కూడా అలాగేనేమోనని కుడిచేతికి మార్చా. 10 నిమిషాలు. ఒక్క నిమిషాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

వాచ్ మీదుగా స్వెటర్ చెయ్యి లాగేస్తే 6. డెకాథ్లాన్ పల్చటి గ్లవ్స్ కూడా వేసుకుంటే 5. బాగా పనిచేసింది మాత్రం ఇంట్లోనే ఒళ్లు వేడెక్కించడం: మోచేతుల దాకా గోరువెచ్చటి నీళ్లలో రెండు నిమిషాలు ముంచి తుడుచుకుని, మా అపార్ట్‌మెంట్ మూడంతస్తులూ నాలుగు సార్లు ఎక్కి దిగడం. అలా వెళితే 2 నిమిషాలకే సరైన అంకె. కానీ పొద్దున ఐదున్నరకి మెట్ల మీద బూట్ల చప్పుడు! రెండో అంతస్తు కుక్క మొరిగింది, దాని యజమాని కూడా. మూడు రోజులతో ఆ ముచ్చట తీరింది.

అప్పుడు మరిది హైదరాబాద్ నుంచి తను వాడడం మానేసిన ఛాతీ బెల్టు పంపాడు. ఈ బెల్టుల్లో పోలార్ మాటే వేరని పరుగెత్తేవాళ్లు అంటారు. ఫిన్లాండ్ కంపెనీ, 1977లో మొదలైంది, మంచులో స్కీయింగ్ చేసేవాళ్ల గుండె వేగం చూడాలన్న ఆలోచనతో పుట్టింది. చలి సంగతి వాళ్లకు తెలియాలి మరి. నాకొచ్చింది వేరేది. బెల్టు చూసేది రక్తాన్ని కాదు, గుండె కొట్టుకున్నప్పుడు పుట్టే కరెంటుని. కాబట్టి చేతులు ఎంత చల్లబడినా దానికి పట్టదు. హమ్మయ్య అనుకున్నా.

జనవరి 2న మొదటి రోజే ఆ హమ్మయ్య పోయింది. నడుస్తుంటే 190, నిలబడితే 208, మధ్యలో గీతే మాయం. ఈసారి అడుగులతో కలవడం లేదు, ఎటు పడితే అటు గంతులు. బెల్టు లోపలి రబ్బరు పట్టీలు చర్మానికి తడిగా అంటుకోవాలి. వేసవిలో చెమటే ఆ పని చేసిపెడుతుంది. ఈ పొడి గాలిలో పది నిమిషాల దాకా నాకు చెమట చుక్క రాదు. సరే, కుళాయి నీళ్లతో తడిపి పెట్టుకున్నా. 9 డిగ్రీల పొద్దున ఛాతీ మీద చన్నీళ్ల పట్టీ! అరుపుకి మా ఆయన నిద్ర లేచాడు. తర్వాతి రోజు నుంచి గోరువెచ్చటి నీళ్లే. గీత మాయమవడం ఆగింది, గంతులు మాత్రం ఆగలేదు.

చొక్కా మీద అనుమానం 5వ తేదీన వచ్చింది. చీకట్లో జాకెట్ విప్పుతుంటే చిటపటమని చప్పుడు, సన్నటి మెరుపులు. లోపల పాలిస్టర్ టీషర్టు, పైన ఫ్లీస్ జాకెట్. రెండూ రాసుకుని కరెంటు పుట్టిస్తున్నాయి, పొడి చలిలో అది ఎటూ పోదు. గుండె నుంచి వచ్చే చిన్న కరెంటు కోసం చెవులు రిక్కించే బెల్టుకి ఆ చిటపట ఎంత గోలో ఊహించుకోండి. 6న లోపల మా ఆయన పాత కాటన్ బనియన్ వేసుకుని వెళ్లా. నిండు 34 నిమిషాలు గీత నున్నగా వచ్చింది, 128 నుంచి 139 మధ్య. పత్తి పండే ఊళ్లో ఉంటూ పాలిస్టర్ తొడుక్కున్నందుకు నాకు బుద్ధి వచ్చింది. డ్రై ఫిట్ అని వెయ్యి రూపాయలు పోసి కొన్న టీషర్టులన్నీ మార్చి దాకా బీరువాలోకి. కాటన్ తడిస్తే ఆరదు, నిజమే. అరగంట పరుగుకి ఆ తడి ఏమీ చెయ్యదు, రాగానే మార్చుకుంటే చాలు.

మరి ఈ రోజు మెట్ల మీద 214 ఎందుకొచ్చింది? బనియన్ ఉంది, గోరువెచ్చటి నీళ్లూ ఉన్నాయి. తేడా ఒక్కటే, బెల్టు తడిపాక వాట్సాప్ చూస్తూ ఆరేడు నిమిషాలు కూర్చుండిపోయా. ఆరిపోయి ఉంటుంది. గేటు దాకా వచ్చి సీసాలో నీళ్లతో మళ్లీ తడిపితే 88కి వచ్చింది. దీనికి జవాబు దొరికినట్టే.

దొరకనిది ఇంకోటి. 23వ నిమిషంలో 201, సరిగ్గా 40 సెకన్లు, తర్వాత మళ్లీ 137. ఒళ్లు వేడెక్కి జాకెట్ జిప్పు తీసింది అప్పుడే అని వదిన అంటోంది. నాకు గుర్తు లేదు. జాకెట్ అంచు ఎగిరి బెల్టుకి రాసుకుని ఉండొచ్చు. లేదా బెల్టు జారి ఉండొచ్చు, దాని సాగుడు కొంచెం వదులైంది. లేదా బ్యాటరీ. మరిది ఎప్పుడు మార్చాడో వాడికే తెలియదు, చలిలో బటన్ బ్యాటరీల బలం తగ్గుతుంది కూడా. రేపు జిప్పు చివరిదాకా తీయను. ఎల్లుండి జిప్పు సంగతి మామూలే, బ్యాటరీ కొత్తది. రెండూ ఒకే రోజు మారిస్తే ఏది కారణమో తేలదు, డిసెంబర్లో ఆ తప్పు రెండుసార్లు చేశా.

ఇన్ని వైర్ల మధ్య నన్ను రోజూ లేపుతున్నది మాత్రం వదిన టార్చే. ఫోనులో మూడు యాప్‌లు పెట్టా, ఛాలెంజ్‌లు, బ్యాడ్జ్‌లు. ఒక్కటీ రగ్గు లాగలేదు. గేటు దగ్గర ఒక మనిషి చలికి వణుకుతూ నిలబడి ఉందంటే వెళ్లకుండా ఉండలేం. పరుగు బట్టలతోనే పడుకోవడం కూడా పనిచేస్తుంది, మా ఆయన ఎంత నవ్వినా. మంకీ క్యాప్ మాత్రం వద్దు, ఊపిరికి తడిసి మూతి దగ్గర మంచుగడ్డలా చల్లబడుతుంది. చెవులకి స్కార్ఫ్ చాలు.

సంక్రాంతికి నిర్మల్‌లో అమ్మవాళ్లింటికి వెళ్తున్నాం. నాలుగు రోజులు సకినాలు, పరుగు ఉండదని ముందే రాసి పెట్టుకుంటున్నా. తిరిగొచ్చాక గుడిహత్నూర్ వైపు ఎత్తుపల్లాల రోడ్డు మీద ఆదివారాలు. పుష్యంలో కేస్లాపూర్ నాగోబా జాతర కూడా ఉంది, ఏటా బస్సులో పోయి బస్సులో వస్తాం. జాతర జరిపే మెస్రం వంశపు గోండులు గంగాజలం కోసం ఈ చలిలోనే చెప్పుల్లేకుండా రోజుల తరబడి గోదావరి దాకా నడిచి వస్తారు. ఈసారి చివరి ఐదారు కిలోమీటర్లైనా నడిచి వెళ్దామని వదిన అంటోంది. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో 10 కిలోమీటర్లకి పేరిద్దామని కూడా ఉంది, కానీ అది వానాకాలం, తడికి కొదవుండదు, బెల్టు అప్పుడు ఇంకేం వేషాలు వేస్తుందో.

బ్యాటరీ మా వాడు సాయంత్రం తెచ్చాడు, ఫ్రిజ్ మీద పెట్టా. ఎల్లుండి దాకా దాని జోలికి పోవద్దని వాడికీ చెప్పా, నాకూ చెప్పుకున్నా. అలారం 5:15.