నాన్న కూరను మళ్లీ వండుకున్న వైనం

నాన్న పోయాక వచ్చే తొలి పుట్టినరోజున ఆయన కూరే వండి, ఆయనను ఇష్టపడినవాళ్లందరినీ పిలిచి భోజనం పెడదామని చెల్లి అన్నప్పుడు ఇంట్లో ఎవరూ కాదనలేదు. ఆ కూర ఎలా వండాలో మాత్రం ఎవరికీ తెలియదు. ఎముకతో ఉన్న మాంసం, ఉల్లిపాయలు, టమాటాలు, బంగాళాదుంపలు, వెల్లుల్లి, మిరియాలు. ఇంతవరకు ఎవరమైనా చెప్పగలం. సెలవు రోజున వంటగది పూర్తిగా నాన్నది. అమ్మ ఆ పూట అటువైపు వెళ్లేది కాదు. వారంలో ఆమెకు దొరికే విశ్రాంతి అదొక్కటే. నాన్న ఏదీ రాసి పెట్టుకునే మనిషి కాదు.

ఆ రుచి మళ్లీ మా పళ్లాల్లోకి రావడానికి కొన్ని నెలలు పట్టింది. పోయినవాళ్ల చేతి వంటను మళ్లీ వండుకోవాలని అనుకుంటూ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు పనికొస్తుందని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మొదట అందరినీ ఒకే ప్రశ్న అడిగాను: ఇందులో ఏమేమి వేసేవారు? తలా ఒక జాబితా చెప్పారు. ఏ రెండూ కలవలేదు. అసలు బంగాళాదుంపలే ఉండేవి కావని బాబాయి అన్నారు. దుంపలు లేకుండా ఆ కూరను ఊహించలేనని చెల్లి అంది. అత్తయ్య టమాటా మాటే ఒప్పుకోలేదు. అందరి మాటా కొంచెం కొంచెం మన్నించి వండితే మంచి కూరే వచ్చింది. అమ్మ కడుపు నిండా తిని, "బాగుంది, కానీ ఇది మీ నాన్నది కాదు" అంది.

అప్పుడు ప్రశ్న మార్చాను. ఏమి వేసేవారని అడగడం మానేసి, ఆయన వండుతున్నప్పుడు మీరు ఎక్కడ ఉండేవారు, ముందు ఏ వాసన వచ్చేది, ఏమి వినబడేది, భోజనానికి పిలిచేసరికి ఎంత పొద్దెక్కేది అని అడిగాను. ఈ పని మొత్తంలో నాకు దొరికిన అసలైన తాళంచెవి ఇదే. వండని మనిషికి దినుసులు గుర్తుండవు, కానీ ఆ ఇంట్లో గడిపిన పూట గుర్తుంటుంది. పక్కగదిలో పడుకున్న అమ్మ చెవులతో ఆ కూరను విన్నది: "ముందు చాలాసేపు చిటపటలు. తర్వాత ఒక్కసారి చుయ్‌మనేది. ఆ వెనక గీకుతున్న చప్పుడు. ఇంక అంతే, అలికిడి ఉండేది కాదు, నాకు నిద్ర పట్టేసేది." గడప దగ్గర కూర్చుని ఆడుకునే చెల్లికి, నాన్న భుజం మీద ఎప్పుడూ వేలాడే పాత తువ్వాలు, ఆ తువ్వాలుతో మాంసం ముక్కలను ఒక్కొక్కటిగా ఒత్తి తుడవడం గుర్తొచ్చాయి. బాబాయికి ఆకలి గుర్తుంది. పొద్దున మొదలైన వంట మధ్యాహ్నం దాటితే గానీ అయ్యేది కాదట. అత్తయ్య చెప్పింది అన్నిటికన్నా విలువైన మాట. తమ ఇంటికి తెచ్చినప్పుడల్లా ముందు రోజు వండిన కూరే తెచ్చేవాడని, తాజా కూర పెట్టమంటే నవ్వి ఊరుకునేవాడని.

ఈ మాటల్లోనే వంట విధానమంతా ఉంది. విప్పి చదువుకోవడమే మిగిలింది.

తువ్వాలు సంగతి చూడండి. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ముక్క పైన తడి ఉన్నంతసేపు దాని వేడి అంతకు మించి పెరగదు. మాంసం ఎర్రగా వేగి ఆ కమ్మటి వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. మాంసంలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు ఆ వేడిలో కలిసి వందలకొద్దీ కొత్త రుచులను, వాసనలను పుట్టిస్తాయి. ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. నాన్నకు ఆ పేరు తెలిసి ఉండదు. తడి తుడిస్తేనే ముక్క రంగు తిరుగుతుందని తెలుసు. అమ్మ విన్న చుయ్ శబ్దం గిన్నె అడుగున అంటుకున్న గోధుమరంగు పొర మీద నీళ్లు పోసినప్పటిది. గీకుడు చప్పుడు ఆ పొరను చెక్క గరిటెతో కరిగించి కూరలో కలుపుకోవడం. నేను మొదట వండినప్పుడు అడుగు అంటని గిన్నె వాడాను. అందులో ఆ పొరే కట్టదు. అటక మీద నుంచి ఆయన మందపాటి అడుగు గిన్నె దించాక సగం దూరం దానంతట అదే తగ్గిపోయింది.

ఆ తర్వాతి నిశ్శబ్దం సన్నని సెగది. ఎముకను అంటుకుని ఉండే గట్టి పొరల్లో కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది జిగురుగా, మెత్తగా మారాలంటే గంటల తరబడి మంద్రమైన వేడి కావాలి. తెర్లుతున్న నీటిలో వేగిరపెడితే ముక్క బిగుసుకుని పీచుగా మిగులుతుంది. ఇప్పుడు మా ఇంట్లో ఆ కూర రెండున్నర నుంచి మూడు గంటలు పొయ్యి మీద ఉంటుంది. అప్పుడప్పుడూ ఒక బుడగ పైకి రావాలి, అంతే.

దుంపల గొడవ, టమాటాల గొడవ ఇంకోలా తీరింది. ప్రతి ఒక్కరి మాట పక్కనా వాళ్లు ఆ కూర తిన్న కాలం రాసుకున్నాను. బాబాయి చెబుతున్నది అన్నదమ్ములిద్దరూ పెళ్లి కాకముందు ఒకే గదిలో ఉన్న రోజుల కూర. అందులో మాంసం, ఉల్లి, మిరియాలు తప్ప ఏమీ లేవు. మేమిద్దరం పుట్టాక అంతే మాంసం నలుగురికి సరిపోవాలి కాబట్టి దుంపలు వచ్చాయి. టమాటాలు ఇంకా తర్వాత చేరాయి, అప్పటికి అత్తయ్య రాకపోకలు తగ్గాయి. చివరి సంవత్సరాల్లో ఉప్పు, మిరియాల ఘాటు పెరిగాయి. వయసుతో వాసన పట్టే శక్తి మందగిస్తుంది, రుచి చప్పగా తోస్తుంది. ఆయన చేయి అందుకే బరువెక్కి ఉంటుంది. అబద్ధం ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో వయసు నాన్న ఉన్నారు. ఆ కాగితాన్ని చూస్తూ నేను చాలాసేపు కూర్చుండిపోయాను. దుంపలు ఎందుకు వచ్చాయో ఆయన ఏనాడూ మాకు చెప్పలేదు.

ఏ నాన్న కూర వండాలో నిర్ణయించే హక్కు అమ్మదే అనుకున్నాం. మీరిద్దరూ బడికి వెళ్లే రోజులది వండండి, అంది.

కొలతల కోసం ఆయన వాడిన గరిటె, స్టీలు గ్లాసు వెతికి పట్టుకున్నాం. చేతి కొలత పోయినా పాత్ర కొలత మిగులుతుంది. అమ్మ కళ్లు మూసుకుని ఎంత నింపేవారో చూపిస్తే, దాన్ని తక్కెడలో తూచి రాసుకున్నాను. కిలో మాంసానికి అర కిలో ఉల్లిపాయలు, పావు కిలో టమాటాలు, 400 గ్రాముల దుంపలు తేలాయి. ఉప్పు 20 గ్రాములతో మొదలుపెట్టి చివర్లో సరిచూసుకుంటాం. ఉల్లిపాయలు పూర్తిగా రంగు తిరగడానికి ముప్పావు గంట పడుతుంది. పది నిమిషాల్లో అవుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. తరిగేటప్పుడు కళ్ల వెంట నీళ్లు కారతాయి. కత్తి పడి కణాలు చిట్లినప్పుడు పుట్టే వాయువు చేసే పని అది. ఆ నెలల్లో ఉల్లి తరగడం నాకు మేలు చేసింది. ఎవరూ ఏమీ అడగకుండా ఏడవగలిగాను.

ఇంత చేసినా ఏదో ఒకటి తక్కువగా ఉండేది. నోట్లో పెట్టుకోగానే ముక్కుదాకా వచ్చే ఒక చురుకు. దాని జాడ మనుషులు చెప్పలేదు, వస్తువు చెప్పింది. మిరియాలు దంచే చిన్న రోలు మా ఇంట్లో పొయ్యి పక్కన ఉండదు, పళ్లాల అలమరలో ఉంటుంది. ఎప్పుడూ అక్కడే. అంటే ఆయన వడ్డించే ముందు దంచేవారు. మిరియాల కారం ఎంత ఉడికినా నిలుస్తుంది, పరిమళం ఆవిరితో పోతుంది. మొదట్లో సగం, వడ్డించే ముందు సగం వేసిన రోజున చెల్లి ముద్ద నోట్లో పెట్టుకుని గరిటె కింద పెట్టేసింది. మాట్లాడలేదు. నాకు జవాబు దొరికింది.

ఒక ముద్ద మనిషిని అలా ఎందుకు కదిలిస్తుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే. నములుతున్నప్పుడు అది గొంతు వెనక నుంచి ముక్కులోకి చేరుతుంది. చూపు, వినికిడి సంకేతాలు మెదడులో థాలమస్ అనే కూడలి మీదుగా వెళతాయి. వాసన మాత్రం ఆ కూడలి దగ్గర ఆగకుండా, ఉద్వేగాలకూ జ్ఞాపకాలకూ సంబంధించిన అమిగ్డాలా, హిప్పోక్యాంపస్ భాగాలకు దగ్గర దారిలో చేరుతుంది. ముక్కులోని వాసన గ్రాహకాల జన్యువులను లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో కనుగొన్నారు. 2004లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఫొటో చూసి తట్టుకున్న మనిషి ఒక వాసనకు కూలబడిపోవడంలో వింత ఏమీ లేదని నాకు అర్థమైంది.

అందుకే ఒక జాగ్రత్త తీసుకున్నాం. పుట్టినరోజున అందరి ముందూ ఆ వాసన అమ్మను ఒక్కసారిగా తాకకూడదని, రెండు వారాల ముందే మేం ముగ్గురమే ఉన్న రోజున వండాం. వండుతున్నామని ముందే చెప్పాం. ఆ మధ్యాహ్నం అమ్మ ఏడ్చింది, తిన్నది, మళ్లీ వడ్డించమంది. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఇలాంటి వంట అనుకోని కానుకగా ఇవ్వాలని కొందరికి ముచ్చటగా ఉంటుంది. నా మాట వినండి, ముందుగా చెప్పండి. వద్దంటే ఆగండి.

పాతికమందికి వండడం వేరే విద్య. దినుసులను ఐదింతలు చేసినంత మాత్రాన కూర ఐదింతలు కాదు. ముక్కలన్నీ ఒకేసారి గిన్నెలో పోస్తే నీరు ఊరి ఉడికిపోతాయి, వేగవు. వాయి వాయిగా వేయించాం. నీళ్లు మాత్రం ఐదింతలు పోయలేదు, పెద్ద గిన్నెలో ఆవిరైపోయే వంతు తక్కువ. అత్తయ్య మాట ప్రకారం ముందు రోజే వండాం. పెద్ద గిన్నెడు కూర పొయ్యి మీదే వదిలేస్తే మధ్యలో వేడి గంటల తరబడి నిలిచి సూక్ష్మజీవులు పెరుగుతాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. వెడల్పాటి పళ్లేల్లో పలచగా పరిచి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టాం. పొద్దుటికి పులుసు జున్నులా గడ్డకట్టింది, కొల్లాజెన్ కరిగిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మర్నాడు తెర్లేదాకా మరిగించి, మిరియాలు దంచి వేసి వడ్డించాం.

దుంపలు వేయకముందే ఒక చిన్న గిన్నెడు తీసి బాబాయి కోసం పక్కన పెట్టాను. ఆయన ముందు అది ఉంచితే, దుంపలు ఏవి అని అడగలేదు. మొదటి ముద్దకే గది అద్దె గురించి, ఇద్దరికీ ఉన్న ఒకే మంచి చొక్కా గురించి, దాన్ని ఎవరు ఏ రోజున వేసుకోవాలో పంచుకోవడం గురించి చెప్పడం మొదలుపెట్టారు. మేం ఎవరం వినని కథలు. అత్తయ్య టమాటాలను క్షమించారు. నాన్నతో పనిచేసిన ఒకాయన, ఇన్నేళ్ల స్నేహంలో ఈ కూర ఒక్కసారి కూడా పెట్టలేదని నిష్ఠూరమాడి రెండుసార్లు వడ్డించుకున్నారు. నాన్న గుర్తుండనంత చిన్నదైన చెల్లి కూతురు దుంపలు మాత్రమే ఏరుకుని తింది. దుంపలు వచ్చింది అలాంటివాళ్ల కోసమే కదా అని అమ్మ నవ్వింది. నాన్న మాట వస్తే గొంతు తగ్గించుకునే అలవాటు మా ఇంట్లో ఆ భోజనం దగ్గర తెగింది.

ఇప్పుడు ఆ కూర రెండు పేజీల్లో ఉంది. ఒక పేజీలో కొలతలు, వరుస. రెండో పేజీలో ఎవరు ఏ కాలంలో ఎలా తిన్నారో, చుయ్ శబ్దం ఎప్పుడు రావాలో, రోలు ఎక్కడ ఉండాలో. నకళ్లు తీసి అందరికీ ఇచ్చాం.

వచ్చే వారం అత్తయ్య ఇంటికి వెళుతున్నాను. ఆమె చేసే రొట్టె మెత్తదనం ఇంకెవరికీ రాదు, ఆమెకూ కొలతలు లేవు. కొలిచి వేయమంటే పెద్దవాళ్ల చేయి ఆగిపోతుంది, అందుకని పిండి డబ్బా, నూనె సీసా, ఉప్పు గిన్నె ఆమె మొదలుపెట్టకముందు ఒకసారి, అయ్యాక ఒకసారి తూస్తాను. తేడాయే కొలత. ఆమె తన పాటికి తాను మాట్లాడుతూ చేసుకుపోవచ్చు. ఫోనులో ఆ మాటలు రికార్డు చేయడానికి ఒప్పుకున్నారు, చేతులు మాత్రమే కనబడేలా తీయమన్నారు.