బొమ్మ రాలా అబ్బయా!

పోయిన మాఘమాసంలో అల్లూరు పెళ్లి వీడియో ఇచ్చిన మర్నాడే ఫోను. "అబ్బయా, బొమ్మ రాలా, మాటలే వినపడతన్నాయి" అని పెళ్లికూతురి మేనమామ. కావలి నుంచి బండేసుకొని పోయి చూస్తే తప్పు నాదే. సైజు తగ్గుతుంది కదా అని హెచ్.265లో, అంటే వీడియోని కుదించే కొత్త పద్ధతిలో, ఎక్స్‌పోర్ట్ చేసినా. ఆ ఇంట్లో పాత టీవీకి దాని ముందుదైన హెచ్.264 తప్ప తెలీదు. నా కంప్యూటర్లో బ్రహ్మాండంగా ఆడింది మరి!

అప్పట్నుంచి పెన్‌డ్రైవ్‌కి హెచ్.264 ఎమ్‌పీ4 ఒక్కటే. 1920×1080, సెకనుకి 25 ఫ్రేములు. షూట్ చేసింది 25లో అయితే ఎక్స్‌పోర్ట్ కూడా అంతే. 30కి మారిస్తే తలంబ్రాలు పోసే చేతులు జర్కులు కొడతాయి.

బిట్‌రేట్, అంటే సెకను వీడియోకి పట్టే డేటా, 12 మెగాబిట్లు పెడతా. 8 బిట్లు ఒక బైటు కాబట్టి 8తో భాగిస్తే సెకనుకి 1.5 ఎంబీ, గంటకి 5.4 జీబీ. ఇక్కడే ఇంకో తిరకాసు: ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. పెద్ద ఫైళ్లు పట్టే ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేద్దామంటే కొన్ని పాత టీవీలు అసలు చదవవు. అందుకే ముహూర్తం, రిసెప్షన్ 40 నిమిషాల ముక్కలు చేస్తా, ఒక్కోటి 3.6 జీబీ చిల్లర.

మాస్టర్, అంటే అసలు కాపీ, ప్రోరెస్ 422 అనే తక్కువ కుదింపు ఫార్మాట్లో దాచుకోమంటారు. గంటకి 55 జీబీ! మూడు గంటల పెళ్లికి హార్డ్ డిస్క్ ఎవరు కొనిస్తారు? హైలైట్స్ ఐదు నిమిషాలే దాస్తా.

కొత్త పెన్‌డ్రైవ్ పెడితే బొమ్మొచ్చింది. మామ కాసేపు చూసి, "నేను ఒక్కచోటా కనపళ్లేదేంది?" అన్నాడు.