సంగటి ఎవరి ముందు తినాలి

బుధవారం, రాత్రి పదకొండు గంటలు

ఈ రోజు చెప్పుకోదగ్గ విశేషమేదీ జరగలేదు. ఉదయం ఆఫీసుకు వెళ్ళాను, సాయంత్రం చుట్టాలు వచ్చారు, భోజనం చేసి వెళ్ళిపోయారు. అయినా పొద్దున క్యారియర్ సర్దే వేళ నా నోటి నుంచి వచ్చిన ఒక చిన్న అబద్ధం రోజంతా వెంట తిరిగింది కనుక, పడుకునే ముందు దాన్ని ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

పోయిన వారం అమ్మ అనంతపురం జిల్లాలోని మా ఊరి నుంచి హైదరాబాదు వస్తూ సంచి నిండా రాగిపిండి తెచ్చింది. పోయిన నెల షుగరు పరీక్ష ఫలితం చూసినప్పటి నుంచి నా కంచంలోని అన్నం మీద కన్నేసి ఉంచిన నా భార్య, "పొద్దున కెలికిన సంగటి మిగిలింది, మధ్యాహ్నానికి అదే పెట్టనా?" అని అడిగింది. "వద్దు, చల్లారితే గట్టిపడుతుంది" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు, కరివేపాకు దూస్తూ నావైపు ఒకసారి చూసింది, అంతే. రాత్రి మిగిలిన ముద్దను తెల్లారి మజ్జిగలో పిసుక్కుని, ఉల్లిపాయ నంజుకుని బడికి పరిగెత్తిన వాణ్ణని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆఫీసులో మధ్యాహ్నం ఆరుగురం ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పుతాం. కాకినాడ నుంచి కొత్తగా వచ్చి చేరిన అమ్మాయి ఈ రోజు కొర్రలతో వండిన బిరియానీ తెచ్చింది. అందరూ తలా ఒక చెంచా రుచి చూసి, కొర్రలు ఏ కొట్లో కొన్నదో, కిలో ఎంత పడిందో, ఎంతసేపు నానబెట్టాలో అడిగి తెలుసుకున్నారు. నేనూ అడిగాను. మా నాయనమ్మ కొర్రన్నం ముందు కూర్చుని నేను ఎన్నిసార్లు మూతి ముడుచుకున్నానో అక్కడ ఎవరికీ చెప్పలేదు. అంటే, ఆ బల్ల దగ్గర నా సంగటిని చూసి నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. పైగా పోయిన నెల ఇదే బృందంతో హోటలుకు వెళ్ళినప్పుడు రాగి సంగటి, నాటుకోడి పులుసు తెప్పించి, మా సీమ వంట ఇదీ అని గొప్పగా చెప్పుకున్నది నేనే. ఇత్తడి పళ్ళెంలో వడ్డిస్తే గర్వకారణమైన ముద్ద, ఇంటి డబ్బాలో వెళ్ళేసరికి నాకు ఎందుకు నామోషీ అయిందో మజ్జిగ తాగుతూ ఆలోచించాను. హోటల్లో దాన్ని నేను డబ్బు పెట్టి కోరుకున్నాను. డబ్బాలో ఉన్నప్పుడు అది వేరే గతి లేక తెచ్చుకున్నట్టు కనిపిస్తుంది. ఎవరి కంటికి కనిపిస్తుంది అంటే, ముందుగా నా కంటికే.

ఈ చూపు నాతో మొదలైంది కాదు. పల్నాటి జనానికి జొన్నకలి, జొన్న అంబలి, జొన్నన్నమే తప్ప సన్నన్నం సున్న అని ఎత్తిపొడిచే చాటువు శ్రీనాథుడి పేరిట నేటికీ చెలామణీలో ఉంది. రాగి, జొన్న, కొర్రలను సర్కారు కాగితాలే మొన్నమొన్నటి దాకా ముతక ధాన్యాలు అని రాశాయి. 2018లో వాటిని పోషక ధాన్యాలు అని పిలవాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఇప్పుడు దుకాణాల్లో వాటి పేరు సిరిధాన్యాలు. గింజ మారలేదు, పేరుతో పాటు దాన్ని తినేవాళ్ళ హోదా మారింది. (సంగటి తింటే షుగరు దానంతటదే దిగిపోతుందన్న కొత్త నమ్మకం కూడా ఈ కోవలోదే. మెత్తగా ఉడికిన ముద్దలో ఉన్నదీ పిండి పదార్థమే, రెండు ముద్దలు తింటే లెక్క రెండు ముద్దలదే.)

నా చిన్నతనంలో మా ఊళ్ళో వరన్నం పండుగకో, చుట్టాలకో, జబ్బుపడిన వాళ్ళకో వండేవాళ్ళు. చెరువు నిండిన ఏడు తప్ప వరి పండని చోట అంతకంటే ఎలా కుదురుతుంది? 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు నాకు పదేళ్ళు. ఒకటి రెండేళ్ళలో మా ఇంట్లో సంగటి రాత్రి పూటకు మాత్రమే మిగిలింది, ఆ తరువాత చేనుకు వచ్చే కూలీల కోసం మాత్రమే కెలికేవాళ్ళు, చివరికి అదీ పోయింది. కొర్ర చేలు ఒక్కొక్కటే చెనిక్కాయ, అంటే వేరుశనగ, చేలయ్యాయి. చేతిలో కాసిని డబ్బులు ఆడేసరికి స్టోరు బియ్యం తినడమూ తక్కువతనమే అయి, అందరం సన్నబియ్యానికి ఎగబాకాం. బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, అంటే జనం సాంబ మసూరి అని పిలుచుకునే రకం, మా ఇంట్లో మొదట చుట్టాల బియ్యంగా అడుగుపెట్టి, ఏడాది తిరక్కుండా ఇంటి బియ్యమైంది.

అయితే ఇదంతా పరువు కోసమేనని రాస్తే అమ్మకు అన్యాయం చేసినట్టవుతుంది. సాయంత్రం ఈ మాట ఆమె దగ్గర ఎత్తితే, "నీకేం నాయనా, తినేవోడివి. కోడి కూసేటప్పుడు లేచి విసురురాయి తిప్పినోళ్ళకి తెలుస్తుంది బియ్యం సుఖం" అన్నది. రాగులు విసరడం, కొర్రలు దంచి చెరగడం, ఎసట్లో పిండి పోసి ఉండ కట్టకుండా తెడ్డుతో కెలకడం, ఇవన్నీ ఆడవాళ్ళ చేతుల మీదుగా సాగిన పనులు. బియ్యం వచ్చి ఆమెకు రోజుకు రెండు గంటల నిద్ర ఇచ్చాయి. చిరుధాన్యాలు మానేసి తప్పు చేశామని నొచ్చుకునే మనలో చాలామంది మగవాళ్ళం విసురురాయి పట్టింది లేదు.

అంత మాట అన్న అమ్మే, ఏడు గంటలకు నా భార్య తరఫు అన్నయ్య దంపతులు వస్తున్నారని ఫోను రాగానే సంగటి గిన్నెను గట్టు చివరకు జరిపేసింది. వాళ్ళది కడప దగ్గర పల్లె, సంగటి ఎరగనివాళ్ళేమీ కారు. "చుట్టాలకు సంగటి పెడితే ఇంట్లో బియ్యం గింజ లేదనుకోరా?" అని కోడలి చేత రెండు గ్లాసుల సన్నబియ్యం పొయ్యి మీద పెట్టించింది. భోజనాల దగ్గర మా బావ చాలు చాలు అని కంచానికి చెయ్యి అడ్డం పెట్టిన కొద్దీ అమ్మ కొసరి వడ్డించింది. అది అక్కరలేక అన్న మాటో మొహమాటంతో అన్న మాటో తెలుసుకునే ఉపాయం మన మర్యాదల్లో లేదు. అతను మూడోసారి కలుపుకుంటుంటే, చుట్టాన్ని ఒంటరిగా తిననివ్వకూడదని నేనూ మళ్ళీ వడ్డించుకున్నాను. నాకు ఆకలి లేదు. డాక్టరు తగ్గించమన్నది కూడా సరిగ్గా ఆ అన్నాన్నే. నా భార్య చూసి, చుట్టాల ముందు ఏమీ అనలేక ఊరుకుంది.

వాళ్ళు వెళ్ళాక ఆమే ఒక సంగతి చెప్పింది. బావా నేనూ హాల్లో పెరుగన్నం కలుపుకుంటున్నప్పుడు, చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళిన వదిన గిన్నె మూత తీసి చూసి, "సంగటుందా అత్తా, నాకు చెప్పనే లేదే" అని, ఒక ముద్ద తుంచి పొద్దుటి గోంగూరలో అద్దుకుని గట్టు దగ్గరే నిలబడి తిన్నదట. అమ్మ ఇంకో ముద్ద పెట్టబోతే, ఆయన చూస్తే ఇంటికెళ్ళాక నవ్వుతాడని నోరు తుడుచుకుని హాల్లోకి వచ్చేసిందట.

మిగిలిన సంగటిని అమ్మ మజ్జిగలో వేసి మూత పెట్టింది. రేపు క్యారియర్‌లో ఏమి సర్దాలని నా భార్య దీపం ఆర్పుతూ అడిగింది. అన్నమే అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. పొద్దున చెప్తాను అన్నాను.