పద్నాలుగు నెలలు, తొమ్మిది కథలు, ఒక్క అచ్చు

మా మందుల షాపులో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈగలు తోలుకోవడమే. పోయినేడు జూన్‌లో ఆ రెండు గంటలూ కథలకిచ్చాను. లెక్కలు రాసే చెయ్యి కదా, దీనికీ ఒక చిట్టా పెట్టాను. ఇప్పటికి తేలింది: మొదలుపెట్టినవి 13, పూర్తయినవి 9, పంపినవి 5, అచ్చయింది 1.

జూన్, జులై: మూడు కథలు. మా ఆవిడ చదివి, "మూడూ వానతోనే మొదలయ్యాయేంటి? విజయనగరంలో అన్ని వానలెప్పుడు పడ్డాయి?" అంది. మూడూ సొరుగులోకి వెళ్లాయి.

ఆగస్టు: షాపు తమ్ముడికి అప్పజెప్పి శ్రీకాకుళం వెళ్లాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం, అక్కడే ఉంది. కథలు మొత్తం చదవలేదు. పదిహేను పాత కథల మొదటి పేరాలు మాత్రం నోట్సులోకి ఎక్కించుకున్నాను. వాటిలో వాతావరణంతో మొదలైనవి రెండే. మిగతావాటిలో ఎవరో ఒకరు ఏదో అడుగుతున్నారు, లేదా దేనికోసమో వెతుకుతున్నారు. అంత దూరం వెళ్లలేనివాళ్లకి కథానిలయం వెబ్‌సైట్లో వేల కథల స్కాన్లున్నాయి.

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఒకే కథ, 'సగం షీటు'. మొదటి రాతలో ఇలా మొదలైంది: "మానవ సంబంధాలన్నీ ఆర్థిక సంబంధాలుగా మారిపోతున్న ఈ రోజుల్లో..." ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది. చివరికి నిలబడింది ఇది:

"సగం కోసియ్యి బావూ, మిగతా సగం పింఛనొచ్చాక అట్టుకెల్తాను" అంది ముసలమ్మ, కత్తెర వంక చూస్తూ.

మాత్రల షీటు కోస్తే గడువు తేదీ ఒక ముక్కకే ఉంటుంది. ఆ ముక్క షాపులో ఉంచుకుని, తేదీ లేనిది చేతిలో పెడతాం. ఇరవయ్యేళ్లుగా చేస్తున్న పనే అయినా, రాసేదాకా నాకది కథగా కనబడలేదు. అది దొరికాక ముసలమ్మ కొడుకు గురించి రాసిన రెండు పేజీల గతం అక్కర్లేకపోయింది. మొదటి రాత 2,900 పదాలు, పంపాలనుకున్న పత్రిక కథల పోటీకి హద్దు 1,500. ముందు ఉపన్యాసం తీసేశాను, తర్వాత కొడుకుని, ఆఖర్న నీతిని. 1,480కి దిగింది.

బిల్లు పుస్తకం వెనక పెన్నుతో రాసి, రాత్రి ఫోన్లో టైపు చేస్తాను. మాటలతో టైపు చేయించబోతే మా యాస దానికి మింగుడుపడలేదు. 'ఎల్తాను' అంటే 'వెళ్తాను' అని దిద్దేస్తోంది. సంభాషణలన్నీ చేత్తోనే కొట్టాను. తర్వాత పైకి చదివి రికార్డు చేసుకుని, షాపు కట్టేసి ఇంటికెళ్తూ వింటాను. ఊపిరి అందని చోట వాక్యం విరగ్గొట్టాలి.

పత్రికలకి పంపడంలో మూడు దెబ్బలు తిన్నాను. ఒకసారి పీడీఎఫ్ పంపితే, యూనికోడ్‌లో వర్డ్ ఫైలు కావాలని తిప్పి పంపారు. ఇంకోసారి కథని ముందే ఫేస్‌బుక్‌లో పెట్టేశాను. సొంత కథ, అనువాదం కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు అని హామీపత్రం రాయాలి కదా, సోషల్ మీడియా కూడా 'ఎక్కడా'లోకే వస్తుందట. మూడోది ఐదు నెలలైనా ఉలుకూ పలుకూ లేదు. కథ వెనక్కి తీసుకుంటున్నానని రెండు ముక్కలు మెయిల్ పెట్టి మరోచోటికి పంపాను. ఇప్పుడు చిట్టాలో 'పంపిన తేదీ' పక్కన 'తొంభై రోజులు' అని ఇంకో గడి ఉంది. ఈలోపు ఆ కథ ముట్టుకోను, ఇంకెవరికీ పంపను.

'సగం షీటు'కి పోటీలో బహుమతి రాలేదు గానీ, సాధారణ ప్రచురణకి తీసుకున్నారు. మార్చిలో వచ్చింది. బొమ్మలో ముసలమ్మకి కళ్లజోడు పెట్టారు. నా కథలో ఆమెకి లేదు. ఆఖరి రెండు వాక్యాలు ఎగిరిపోయాయి. వారం రోజులు మండిపడి, తర్వాత చదివితే అవి లేకుండానే బాగుంది. పారితోషికం 750 రూపాయలు, రెండు నెలలకి.

షాపులో కుర్రాడు పత్రిక కౌంటర్ మీద పరిచి మొత్తం చదివాడు. "తేదీ ఉన్న ముక్క మనమే ఉంచుకుంటాం కదన్నా, కథలో ఆవిడికిచ్చేసినావేటి?" అన్నాడు. చిట్టాలో 'పాఠకులు' అని కొత్త పేజీ తీసి, దాని కింద ఇదొక్కటే రాసుకున్నాను.